పాత మారుతితో కొత్త బగ్గీ: ఇంటి షెడ్డులో కారు కట్టేవారి ప్రశ్నలు, జవాబులు

ఇంట్లోనే కారు కట్టుకోవడం గురించి ఒడిశా సరిహద్దు జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో ఏడింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఇలాంటి బండ్లు సగంలో మూలపడటానికి డబ్బు చాలకపోవడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం పాత బండిని కొలతలు తీయకుండా విప్పేయడం. అందుకే కొలతల మాట ఈ జవాబుల్లో పదే పదే వస్తుంది.

ప్రశ్న (బరంపురం): ఇంగ్లండులో విడిభాగాల కిట్ కొని ఇంట్లోనే కారు బిగించుకుంటారట. మన దగ్గర కుదురుతుందా? ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. మొదట ఏం కొనాలి?

జవాబు: లోటస్ కంపెనీ 1957లో 'సెవెన్' అనే రెండు సీట్ల తేలిక కారు తెచ్చి, దాన్ని విడిభాగాలుగా కూడా అమ్మింది. 1973లో ఆ హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీకి వెళ్లాయి. ఆ ఆకారం ఇప్పటికీ తయారవుతోంది. కిట్ కూడా కొనకుండా, చదరపు పైపులతో ఫ్రేమ్ సొంతంగా వెల్డింగు చేసి అందులో పాత కారు ఇంజను పెట్టుకునే పద్ధతిని 'లోకాస్ట్' అంటారు. మీకు పనికొచ్చేది ఈ రెండో దారి.

పైపుల సంగతి తర్వాత చూడవచ్చు. ముందు ఒక పూర్తి పాత బండి కొనండి. ఇంజను ఒకచోట, గేరుబాక్సు మరోచోట, హబ్బులు (చక్రాలను బిగించే మధ్య భాగాలు) ఇంకోచోట కొంటే ఒకదానికొకటి అమరక లేత్ షాపు చుట్టూ తిరగాల్సి వస్తుంది. మన ప్రాంతంలో అందరికీ తెలిసింది మారుతి 800: మూడు సిలిండర్లు, 796 సీసీ, సామాను దొరుకుతుంది, మెకానిక్కులకు కళ్లు మూసుకున్నా చేయి తిరుగుతుంది. బరంపురం, గోపాలపూర్ వైపు సముద్రపు గాలికి బాడీ కుళ్లిపోయిన బండి చవకగా వస్తుంది. బాడీ ఎలాగూ పారేస్తాం కాబట్టి దాని తుప్పు మనకు నష్టం కాదు. కింది ఆర్ములు, హబ్బులు, స్టీరింగ్ రాక్ మాత్రం సుత్తితో తట్టి చూడండి. పొరలు రాలితే తీసుకోవద్దు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు కంప్రెషన్ గేజి పెట్టించండి. మూడు సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాటితే రింగులో వాల్వులో పోయాయని అర్థం.

కార్బ్యురేటర్ మోడల్ అయితే వైరింగు సులువు. ఎంపీఎఫ్ఐ (పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే మోడల్) అయితే ఈసీయూ, అంటే ఇంజనును నడిపే కంప్యూటరు డబ్బా, పూర్తి వైరు కట్ట, సెన్సర్లు, తాళంచెవితో సహా తీసుకోవాలి. వైర్లు కోసి అమ్మే బండి జోలికి పోకండి.

కాగితాలు కూడా ఇప్పుడే చూసుకోండి. ఆంధ్రలో రిజిస్టరైన బండిని ఒడిశాకు మార్చుకోవాలంటే ఆంధ్రలోని ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ కావాలి, అది 28వ ఫారం. బండిని శాశ్వతంగా విప్పేస్తే మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లోగా ఆర్టీవోకు తెలిపి ఆర్‌సీ అప్పగించాలి. విశాఖ నుంచి ఒక్క ఇంజనే తెచ్చుకుంటే ఇంజను నంబరు రాసిన బిల్లు, పాత ఆర్‌సీ నకలు దగ్గర ఉంచుకోండి. దొంగ ఇంజను మీ షెడ్డులో దొరికితే పని ఆగడంతో ఆ గొడవ పోదు.

షెడ్డు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉంటే చాలు. 4 అంగుళాల గ్రైండరు, 14 అంగుళాల కటింగ్ మెషిను, 200 ఆంపియర్ల ఇన్వర్టర్ వెల్డింగు మెషిను, టార్క్ రెంచి, ట్రాలీ జాకీ, దానితోపాటు నాలుగు స్టాండ్లు కొనండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి దూరవద్దు.

ప్రశ్న (పర్లాకిమిడి, గజపతి జిల్లా): నేను కట్టుకున్న కారుకు ఓడీ-20 నంబరు వస్తుందా? పొలంలో నడుపుకుంటే ఎవరూ అడగరని స్నేహితులు అంటున్నారు.

జవాబు: ఇంట్లో కట్టిన ఒక్క బండికి మామూలు దారిలో నంబరు రాదు. కొత్త బండి రిజిస్ట్రేషన్‌కు 20వ ఫారంతో పాటు అమ్మకం పత్రం 21వ ఫారం, తయారీదారు ఇచ్చే రోడ్డు యోగ్యత పత్రం 22వ ఫారం జతచేయాలి. ఆ తయారీదారు తన నమూనాను 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ నిబంధన కింద పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐకాట్ లాంటి సంస్థల్లో పరీక్ష చేయించి ఆమోదం తెచ్చుకుని ఉండాలి. కంపెనీలు వేల బండ్లకు కలిపి పెట్టే ఖర్చు అది. బ్రిటన్‌లో ఒక్కొక్క బండినే పరీక్షించి నంబరు ఇచ్చే ఏర్పాటు ఉంది కాబట్టి అక్కడ కిట్ కార్లు రోడ్డెక్కుతాయి.

మారుతి ఆర్‌సీ ఉంచుకుని, దాని నంబరు పలక కొత్త ఫ్రేమ్‌కు బిగించడం అంతకంటే ప్రమాదం. ఆర్‌సీలో ఉన్న వివరాలకూ తయారీదారు నిర్దేశించిన దానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. అలాంటి బండి గుద్దితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది, నష్టపరిహారం మీ ఇంటి మీద పడుతుంది.

పొలం మాటకొస్తే, 39వ సెక్షన్ బహిరంగ స్థలంతో ఆగదు, 'మరే ఇతర స్థలంలోనైనా' రిజిస్ట్రేషన్ లేకుండా నడపకూడదంటుంది. అయితే మోటారు వాహనం అంటే ఏమిటో చెప్పే 2(28) సెక్షన్, ఫ్యాక్టరీలో గానీ చుట్టూ మూసిన ఆవరణలో గానీ మాత్రమే వాడేందుకు తయారైన ప్రత్యేక తరహా వాహనాన్ని ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. కాబట్టి మీ బండి ప్రహరీ లేదా కంచె ఉన్న ఆవరణ దాటకూడదు. చెరువు గట్టు, ఊరి డొంక, పంచాయతీ మైదానం, ఇవన్నీ జనం తిరిగే చోట్లే. ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకెళ్లాలంటే వ్యాను మీద ఎక్కించండి. మొదలుపెట్టేముందే మీ ఆర్టీవోకు రాతపూర్వకంగా అడిగి, వచ్చిన సమాధానం దాచుకోండి.

రోడ్డు మీద తిరగడమే మీ కోరిక అయితే, ఆర్‌సీ బతికున్న పాత జీపు కొని దాన్ని మొదట్లో ఎలా ఉండేదో అలాగే బాగుచేసుకోండి. అందులోనూ చేతినిండా పని ఉంటుంది.

ప్రశ్న (రాయగడ): మారుతి 800 కొన్నాను. ముందున్న ఇంజనును వెనక పెట్టి రెండు సీట్ల బగ్గీ చేయాలని ఉంది. స్టీరింగ్‌తో తిరిగే ముందు చక్రాల భాగమే వెనక్కి వెళ్తుంది కదా, దాన్ని ఎలా బిగించాలి?

జవాబు: 800తో చేయదగ్గ పనుల్లో ఇది తేలికైనది. ఇంజను, గేరుబాక్సు, డ్రైవ్ షాఫ్టులు, రెండు స్ట్రట్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన నిలువు కాళ్లు) ఒక్క కట్టగా వెనక్కి జరుగుతాయి. ఇంజను ఎటు చూస్తోందో అటే చూస్తుంది కాబట్టి గేర్ల దిశ మారదు.

ఒక్క బోల్టు కూడా విప్పకముందు కొలవండి. బండిని మట్టమైన సిమెంటు నేల మీద నిలిపి, టైర్లలో గాలి సరిచూడండి. మేస్త్రీ దగ్గర తూకపు గుండు అడిగి తెచ్చుకోండి. కింది ఆర్ము లోపలి బోల్టు మధ్య, బాల్ జాయింటు మధ్య, టై రాడ్ (స్టీరింగ్ రాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ) లోపలి జాయింటు, బయటి జాయింటు, స్ట్రట్ పైకొన, స్టెబిలైజర్ బార్ బ్రాకెట్లు, ఇంజను మౌంట్లు, ఒక్కొక్కదాని నుంచి దారం దించండి. గుండు ఊగడం ఆగాక ముల్లు ఎక్కడ నిలిచిందో అక్కడ సుద్దతో చుక్క పెట్టి, పక్కనే ఆ బిందువు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో మిల్లీమీటర్లలో రాయండి. బండిని పక్కకు తోసేసరికి మీ సస్పెన్షన్ అంతా నేల మీద ముగ్గు చుక్కల్లా మిగులుతుంది. ఆ చుక్కలను ప్లైవుడ్ మీదికి ఎక్కించి, అప్పుడు రెంచి పట్టుకోండి.

స్టెబిలైజర్ బార్‌ను అదనపు సామాను అనుకుని చాలామంది తీసేస్తారు. 800లో ఒంటి ఆర్మును ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టి ఉంచేది ఆ బారే. అది లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా చక్రం ముందుకు వెనక్కు జరుగుతుంది, చివరికి బుష్ చీలిపోతుంది. బార్ పెట్టే చోటు లేకపోతే ఆర్ము నుంచి ఛాసిస్‌కు ఏటవాలుగా మరో లింకు వేసి, ఆర్మును త్రికోణం చేయాలి.

వెనక చక్రాలు ఇక తిరగకూడదు. రాక్‌ను మధ్యలో లాక్ చేసి వదిలేయడం చాలదు, దానిలో వదులు పెరిగిన రోజున వెనక చక్రం దాని దారిన అది తిరుగుతుంది. రాక్ తీసేసి టై రాడ్ లోపలి కొసను ఛాసిస్‌కు వెల్డింగు చేసిన బ్రాకెట్‌కు బిగించండి. బ్రాకెట్ బోల్టు సరిగ్గా పాత లోపలి జాయింటు ఉన్న ఎత్తులోనే, ఉన్న దూరంలోనే రావాలి. మీ సుద్ద చుక్క అక్కరకొచ్చేది ఇక్కడే. ఎత్తు 10 మి.మీ. తప్పినా చక్రం గుంటలో దిగిన ప్రతిసారీ టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారి, వెనక భాగం తోక ఊపినట్టు పోతుంది. నిలిచి ఉన్నప్పుడు వెనక టైర్ల ముందు అంచుల మధ్య దూరం వెనక అంచుల మధ్య దూరం కంటే 2 మి.మీ. తక్కువ ఉండేలా పెట్టండి.

ముందు చక్రాలకు ఇంకో 800 ముందు భాగం కావాలి, ఇంజను లేకుండా ఆర్ములు, స్ట్రట్లు, రాక్, హబ్బులు మాత్రమే. వాటికి డ్రైవ్ షాఫ్ట్ అక్కర్లేదని మొత్తం తీసేయకండి. హబ్బు బేరింగులను బిగించి పట్టేది షాఫ్ట్ బయటి జాయింటు కొస, దాని నట్టు. ఆ జాయింటును విప్పి, కొస ఉన్న బయటి గిన్నెను హబ్బులోనే ఉంచి నట్టు బిగించండి. అది లేకపోతే బేరింగు విడిపోయి చక్రం ఊడుతుంది.

ఇంజను బరువు కోసం తయారైన స్ప్రింగులు ఇప్పుడు ఖాళీ ముక్కును మోస్తాయి, అందుకని ముందు భాగం పైకి లేచి నిలుస్తుంది. స్ప్రింగు చుట్టు కోస్తే కిందికి దిగుతుంది గానీ మరింత గట్టిపడుతుంది, కొస సీటులో సరిగా కూర్చోదు. స్ట్రట్ పైమౌంటునే ఛాసిస్‌లో ఎత్తుగా కట్టండి. ఎంత ఎత్తు అన్నది ఊహించవద్దు. బియ్యం వ్యాపారి కాటా తెప్పించి ముందు చక్రాల కింద బరువు తూచండి, సీట్లో మీ బరువుకు సమానమైన ఇసుక బస్తాలు పెట్టండి, కింది ఆర్ము నేలకు సమాంతరంగా వచ్చే ఎత్తు దగ్గర మౌంటును ముందు బోల్టులతో నిలిపి, ఆ తర్వాత వెల్డింగు చేయండి.

రేడియేటరు ముందే ఉంచితే నీటి పైపులు పొడవవుతాయి. పైపు ఎక్కడ పైకి వంగితే అక్కడ గాలి చిక్కి ఇంజను వేడెక్కుతుంది. ఎత్తైన చోట గాలి వదిలే స్క్రూ ఒకటి పెట్టండి.

ప్రశ్న (ఛత్రపురం, గంజాం జిల్లా): ఫ్రేమ్ మొదలుపెట్టాను. పైపుకు రంధ్రాలు పడుతున్నాయి. నాలుగు మూలలూ అతికాక చూస్తే ఫ్రేమ్ మెలి తిరిగింది. తప్పెక్కడ?

జవాబు: రెండూ వేరు వేరు తప్పులు.

రంధ్రాల సంగతి ముందు. ఈ తరహా ఫ్రేమ్‌కు 25×25 మి.మీ. చదరపు పైపు, 16 గేజి, అంటే 1.6 మి.మీ. మందం వాడతారు. 20 అడుగుల పైపు ఒకటి 7 కిలోలు తూగాలి. తూకంలో తగ్గితే మీకు పలుచటి పైపు అంటగట్టినట్టే. ఈ మందానికి 3.15 మి.మీ. రాడ్ వద్దు. 2.5 మి.మీ. 6013 రకం రాడ్‌తో 60 నుంచి 80 ఆంపియర్ల మధ్య, ఒక్కోసారి 20–25 మి.మీ. మించకుండా వేయండి. ఇంటి నుంచి షెడ్డుకు సన్న వైరు లాగి ఉంటే రాడ్ అంటుకుంటుంది. అంటుకుంటోందని ఆంపియర్లు పెంచుతారు, వోల్టేజి రాగానే రంధ్రం పడుతుంది. కనీసం 4 చదరపు మి.మీ. రాగి వైరు వేయించండి. వానాకాలం చెమ్మ పట్టిన రాడ్లను 100 డిగ్రీల దగ్గర గంటసేపు ఆరబెట్టాలి. రోజంతా వెల్డింగు చేసేవాళ్లకైతే 0.8 మి.మీ. తీగ మిగ్ మెషిను సుఖం.

జీఐ పైపు ముట్టుకోవద్దు. జింకు పొగ పీల్చినవాళ్లకు ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది, పైగా అతుకులో బుడగలు పడతాయి.

ఇక మెలిక. వెల్డింగు చల్లారేటప్పుడు ముడుచుకుని పైపును తనవైపు లాగుతుంది. ఒక మూల పూర్తిచేసి ఇంకో మూలకు పోతే ప్రతి మూలా ఫ్రేమ్‌ను ఒక్కో వైపు లాగింది. 8×4 అడుగుల 19 మి.మీ. ప్లైవుడ్‌ను గట్టి చట్రం మీద పరిచి, వాటర్ లెవెల్ పైపుతో నాలుగు మూలలూ మట్టం చూడండి. ఫ్రేమ్ గీతలు దాని మీదే గీసి, పైపుకు రెండు వైపులా చెక్క ముక్కలు మేకులతో కొట్టండి. కింది చట్రం, నిలువు పైపులు, పై చట్రం, ఏటవాలు పైపులు, అన్నీ చుక్క వెల్డింగుతోనే నిలబెట్టాలి. కర్ణాలు రెండూ కొలిచి, 2 మి.మీ. లోపు తేడా ఉంటేనే పూర్తి అతుకులు మొదలుపెట్టండి. ముందు వైపు ఎడమ మూల ఒక ముక్క, తర్వాత ఎదురుగా వెనక కుడి మూల ఒక ముక్క, ఇలా మార్చి మార్చి వేయండి. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా బల్ల మీంచి తీయవద్దు.

మీ చేయి కుదిరిందో లేదో ఫ్రేమ్ మీద తేల్చుకోకూడదు. మిగిలిన రెండు ముక్కలను 'ఆంగ్ల టీ' ఆకారంలో అతికి, వైస్‌లో బిగించి పెద్ద సుత్తితో వంగేదాకా కొట్టండి. పైపు వంగినా చిరిగినా సరే, అతుకు విడిపోతే మాత్రం ఇంకా సాధన కావాలి. మెలి తిరిగిన మీ ఫ్రేమ్‌ను జాకీతో సరిచేయాలని చూడకండి. చుక్కలు గ్రైండ్ చేసి విప్పి, బల్ల మీద మళ్లీ కట్టడమే మేలు.

ప్రశ్న (గుణుపురం, ఇంజినీరింగ్ విద్యార్థి): బాహా (ఇంజినీరింగ్ విద్యార్థులు తాము కట్టిన బగ్గీలతో పాల్గొనే పోటీ) బండికి రోల్ కేజ్, అంటే బోల్తాపడితే కాపాడే గొట్టాల పంజరం చేస్తున్నాం. ఊళ్లో దొరికే నీళ్ల పైపు సరిపోతుందా?

జవాబు: సరిపోదు. 25 మి.మీ. బయటి వ్యాసం, 3 మి.మీ. మందం, కనీసం 0.18 శాతం కార్బన్ ఉన్న ఉక్కు గొట్టం అన్నది బాహా నిబంధనల్లోని ప్రాథమిక కొలత. 1018 రకం ఉక్కుకు సరుకు పరీక్ష పత్రం అడిగి తీసుకోండి, తనిఖీలో అది చూపాలి. మీటరు 1.6 కిలోలు తూగుతుంది. ప్లంబర్ల బెండరులో వంచితే లోపలి వైపు నొక్కుకుపోతుంది. వంపు వ్యాసార్థం గొట్టం మధ్యగీతకు 75 మి.మీ. తగ్గకుండా, సరైన డై ఉన్న బెండరులో చేయించండి. ఇసుక నింపి వేడిచేసి వంచే పక్షంలో ఇసుకను వేయించి పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఉంటే ఆవిరి పట్టి మూత తూటాలా ఎగురుతుంది.

ప్రశ్న (గోపాలపూర్): ఫైబరు బానెట్ వేశాను. తెల్ల మచ్చలు వచ్చాయి, రెండు వారాలైనా జిగురు పోలేదు.

జవాబు: తెల్ల మచ్చలు చెమ్మ వల్ల వచ్చాయి. జిగురు పోకపోవడం, రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం కొలత తప్పడం వల్ల. సముద్రం ఒడ్డున మ్యాట్‌ను (గాజు పీచు చాపను) విప్పి షెడ్డులో ఉంచితే రాత్రికి రాత్రే తేమ పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచి, ఉదయం తొమ్మిది దాటి ఎండ వచ్చాకే వేయండి. వాన పడే రోజున వేయనే వద్దు.

450 గ్రాముల మ్యాట్ చదరపు మీటరుకు సుమారు 1 కిలో రెజిన్ పడుతుంది. ఒక పొర దాదాపు 1 మి.మీ. మందం వస్తుంది కాబట్టి బానెట్‌కు మూడు పొరలు వేయాలి. కిలో రెజిన్‌కు ఎంఈకేపీ (ఆ గట్టిపరిచే ద్రవం) 10 నుంచి 20 గ్రాములు, అదీ చిన్న తూకం మీద తూచి కలపండి. మూతతో కొలిచి పోస్తే ఇలాగే ఉంటుంది.

కోబాల్టును (రెజిన్ గట్టిపడటాన్ని వేగిరపరిచే ద్రవం), ఎంఈకేపీని ఎప్పుడూ నేరుగా ఒకదానిలో ఒకటి కలపకూడదు. భగ్గున మండుతుంది, పేలవచ్చు. ముందు కోబాల్టును రెజిన్‌లో పూర్తిగా కలిపి, పని మొదలుపెట్టేముందు ఎంఈకేపీ వేయాలి. కోబాల్టు ముందే కలిపిన రెజిన్ కూడా అమ్ముతారు, అంగట్లో అడిగి తెలుసుకోండి. ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. పడితే 15 నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడిగి ఆసుపత్రికి పరుగెత్తండి.

మీ బానెట్ గోకితే గోరు దిగుతోందంటే కాపాడలేం. పై జిగురు మాత్రమే అయితే అసిటోన్‌తో తుడిచి, ఎండలో ఆరనిచ్చి, గీకి మరో పొర వేయండి.

ప్రశ్న (జయపురం, కొరాపుట్ జిల్లా): కంచె ఉన్న జీడితోటలో నడిపే బగ్గీ పూర్తయింది. బ్రేకు పెడల్ మెత్తగా దిగిపోతోంది. నాలుగుసార్లు గాలి తీయించాం. పైగా వాలులో బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందుగా బిగుసుకుంటున్నాయి.

జవాబు: కాలిపర్ల (డిస్కును పట్టి ఆపే బ్రేకు భాగాల) మీద గాలి తీసే నిపుల్ ఎక్కడుందో చూడండి. ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకు బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైన చిక్కుకుంటే ఎన్నిసార్లు తీసినా నూనే వస్తుంది, గాలి రాదు. నిపుల్ పైకి ఉండేలా మార్చి, మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టండి. డాట్ 3 నూనె కొత్త డబ్బా వాడండి, మూత తీసి ఉంచింది గాలిలోని తేమ పీల్చి ఉంటుంది.

వెనక బిగుసుకోవడానికి కారణం మీ బండి అమరికలోనే ఉంది. 800 ముందు డిస్కులు ఇప్పుడు వెనక ఉన్నాయి. ముందు కూడా డిస్కులే ఉండాలి, వెనక లైనులో ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టాలి. టాండెమ్ మాస్టర్ సిలిండరులో ఒక గది ముందు చక్రాలకు, మరోటి వెనకకు విడిగా ఇవ్వండి. వెనక చక్రాలు ముందుగా పట్టేస్తే బండి గిర్రున తిరుగుతుంది. అందుకని వాల్వును చదును నేల మీద, నడక వేగంలో ముందు చక్రాలు ముందుగా పట్టేదాకా బిగిస్తూ రండి.

పైపు రాగిదైతే తీసేసి, 4.75 మి.మీ. ఉక్కు బ్రేకు పైపు రెండు మడతల ఫ్లేరుతో (వెడల్పు చేసి మడిచిన పైపు కొసతో) వేయించండి. ఒక్క మడత ఫ్లేరు కొన్నాళ్లకు చీలుతుంది.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ వాలు తోట కాబట్టి చెబుతున్నాం. 800 ముందు కాలిపర్లకు హ్యాండ్ బ్రేకు తీగ ఉండదు. వాటిని వెనక్కి మార్చినవారికి నిలిపిన బండిని పట్టి ఉంచేది ఏదీ మిగలదు. డిస్కును విడిగా పట్టే చిన్న మెకానికల్ కాలిపర్ ఒకటి వెనక బిగించి లీవరు పెట్టండి. అది అమిరేదాకా రెండు చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టకుండా సీటు దిగవద్దు.